కోటి వ్యూస్ వస్తే చేతికొచ్చేది ఎంత?

పాట వీడియో కింద కోటి వ్యూస్ కనపడగానే 'ఇక వాళ్లకు డబ్బే డబ్బు' అనుకుంటాం. ఊరి చెరువు కట్ట మీద ఫోక్ సాంగ్ షూటింగ్ జరుగుతుంటే గుమిగూడి చూసేవాళ్లూ అదే అనుకుంటారు. ఆ షూటింగ్‌కు అప్పు తెచ్చిపెట్టే తండ్రి కూడా ఆ ఆశతోనే తెస్తాడు. తెలంగాణ పల్లెల్లో ఇప్పుడు ఇలాంటి పాటలు తీసే బృందాలు చాలా ఉన్నాయి, వాటిలో మంచి గొంతులు, మంచి కలాలు ఉన్నాయి. వాళ్ల ఆశలో నిజమెంతో ఒకసారి లెక్క కట్టి చూద్దాం. కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

ముందు ఖర్చు. ఒక జానపద పాట వీడియో అంటే రాసినవాళ్లు, పాడినవాళ్లు, ట్రాక్ కట్టి మిక్సింగ్ చేసే సంగీత దర్శకుడు, కెమెరామన్, డ్రోన్, కొరియోగ్రాఫర్, తెర మీద కనిపించే జంట, వెనక ఆరెనిమిది మంది గ్రూప్ డ్యాన్సర్లు, మేకప్, బట్టలు, ఎడిటింగ్, రంగులు సరిదిద్దే డీఐ, రెండు రోజుల భోజనాలు, బండ్లు. గట్టు మీద స్పీకర్ పెట్టి పాట పల్లవి పదేపదే మోగిస్తుంటే, ఎండలో అదే నాలుగు స్టెప్పులు సరిగా కుదిరేదాకా వేస్తూనే ఉంటారు. మనం ఫోన్‌లో చూసేది నాలుగు నిమిషాలే. ఎంత ఖర్చవుతుందన్నది ఎవరి స్తోమతను బట్టి వాళ్లది. మన లెక్కకు 2 లక్షల రూపాయలనుకుందాం.

ఇక రాబడి. యూట్యూబ్‌లో పాటతో పాటు వచ్చే ప్రకటనలకు కంపెనీలు డబ్బు కడతాయి. ఆ డబ్బులో వంద రూపాయలకు 55 ఛానల్‌కు, 45 యూట్యూబ్‌కు వెళ్తాయి. యూట్యూబ్ వాటా పోగా వెయ్యి వ్యూస్‌కు ఛానల్‌కు సగటున మిగిలేదాన్ని ఆర్‌పీఎం అంటారు. ఛానళ్లు నడిపేవాళ్ల నోట రోజూ వినపడే మాట ఇది. అందరికీ ఒకటే రేటు అంటూ ఉండదు. ఛానల్‌ను బట్టి, నెలను బట్టి, చూసేవాళ్లు ఏ దేశంలో ఉన్నారన్నదాన్ని బట్టి మారిపోతుంది. మన లెక్కకు 20 రూపాయలు పెట్టుకుందాం. మీకు తెలిసిన ఛానల్‌కు వేరే రేటు వస్తుంటే 20 తీసేసి అది వేసుకోండి, పద్ధతి మారదు.

వెయ్యికి 20 చొప్పున లక్ష వ్యూస్‌కు 2 వేల రూపాయలు. పది లక్షలకు 20 వేలు. కోటికి 2 లక్షలు. అంటే కోటి వ్యూస్ దాటిన రోజున పెట్టిన ఖర్చు వెనక్కి వచ్చిందంతే. లాభం ఆ తర్వాత మొదలవుతుంది. కోటి అంటే ఎంతో ఊహకు అందాలంటే ఇలా చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ జనాభా మూడున్నర కోట్లు. పసిపిల్లలతో సహా ప్రతి ఏడుగురిలో ఇద్దరు ఆ పాటను ఒకసారి చూస్తే కోటి వ్యూస్ అవుతాయి. విడుదలైన పాటల్లో ఎన్నింటికి అంత భాగ్యం దక్కుతుందో పాటలు తీసేవాళ్లకు బాగా తెలుసు.

ప్రతి పాటకు ముందు యాడ్ వస్తూనే ఉంటుంది కదా, మరి రాబడి ఇంత తక్కువేమిటి అని మీకు అనిపించవచ్చు. ప్రతి వ్యూకూ యాడ్ రాదు. వచ్చినా, స్కిప్ చేయగలిగే యాడ్ అయితే చూసేవారు కనీసం 30 సెకన్లు చూడాలి, లేదా దాన్ని నొక్కాలి. 30 సెకన్ల కన్నా చిన్నదైతే చివరిదాకా చూడాలి. చూసినదాన్ని బట్టి రేటు కట్టే యాడ్‌లకు అప్పుడే కంపెనీ డబ్బు కడుతుంది. ఐదు సెకన్లకే మన వేలు స్కిప్ బటన్ మీదకు పోతుంది కదా, ఆ వ్యూ ఖాతాలో పడుతుంది గానీ అలాంటి యాడ్ వల్ల పైసా పడదు. పైగా వీడియో మధ్యలో యాడ్‌లు పెట్టుకోవాలంటే దాని నిడివి కనీసం 8 నిమిషాలు ఉండాలి. పాట నాలుగు నిమిషాలే. అందుకే ఆడియో కంపెనీలు విడివిడి పాటలతో పాటు అన్నీ కలిపి 'జ్యూక్‌బాక్స్' అని గంట వీడియో కూడా పెడతాయి. వినేవాళ్లకు సౌకర్యం, కంపెనీకి మధ్యమధ్య యాడ్‌లు.

కొత్త ఛానల్‌కు ఈ 20 రూపాయలు కూడా మొదటి రోజు నుంచి రావు. యూట్యూబ్ యాడ్ డబ్బులో వాటా ఇవ్వాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4 వేల గంటల వీక్షణ ఉండాలి. లేదంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ ఉండాలి. 4 వేల గంటలంటే నాలుగు నిమిషాల పాటను 60 వేల సార్లు పూర్తిగా చూడటం. జనం సగటున సగమే చూసి వదిలేస్తే లక్షా 20 వేల సార్లు. ఆ గడప దాటాక కూడా ఖాతాలో 100 డాలర్లు పోగైతేనే బ్యాంకుకు పంపుతారు. మన రూపాయల్లో అది 8,500 దాటుతుంది. మన రేటు ప్రకారం నాలుగు లక్షల పాతిక వేల వ్యూస్ పైమాటే.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు చూస్తే డబ్బు ఎక్కువ వస్తుందన్న మాట మాత్రం నిజం. అమెరికాలో ప్రకటనల రేట్లు మన దగ్గరకన్నా చాలా ఎక్కువ, కాబట్టి డాలస్‌లో కూర్చుని చూసిన వ్యూ కరీంనగర్ వ్యూ కన్నా విలువైనది. బతుకమ్మ పాటలు, పెళ్లి పాటలు తీసేవాళ్లు అక్కడి ప్రేక్షకులను మనసులో పెట్టుకోవడానికి ఇదొక కారణం. అయితే ఆ సొమ్ము మీద 2021 జూన్ నుంచి అమెరికా పన్ను కోత ఉంది. పన్ను వివరాల ఫారం నింపి, భారత్-అమెరికా ఒప్పందం కింద రాయితీ అడిగితే అమెరికా వ్యూస్ రాబడిలో 15 శాతం కోస్తారు. ఫారం అసలు నింపని వ్యక్తిగత ఖాతాలకు మొత్తం ప్రపంచ రాబడి మీద 24 శాతం దాకా కోసే వీలుంది. అంటే అమెరికాలో ఒక్కరూ చూడకపోయినా, బద్ధకించినందుకు లక్షకు 24 వేల దాకా పోవచ్చు. ఛానల్ నడిపే పిల్లలున్న ఇళ్లలో ఈ ఒక్క ఫారం సంగతి వెంటనే కనుక్కోవాలి. అక్కడ కట్టిన పన్నును ఇక్కడి రిటర్నులో చూపించి సర్దుబాటు అడిగే వీలు కూడా ఉంది.

మరి రీల్స్, షార్ట్స్ మాటేమిటి? పాట హిట్టయిందనడానికి ఇప్పుడు అవే కొలమానంగా మారాయి. యూట్యూబ్ షార్ట్స్‌లో లెక్క వేరు. ఎవరో ఒకమ్మాయి మీ పాటకు స్టెప్పేసి షార్ట్ పెట్టిందనుకుందాం. ఆ షార్ట్ వ్యూస్‌కు 100 రూపాయల యాడ్ డబ్బు లెక్కకొస్తే, అందులో ఒకే పాట వాడారు కాబట్టి 50 సంగీత హక్కుల చెల్లింపులకు, 50 వీడియోలు చేసేవాళ్ల వాటాకు విడదీస్తారు. ఆ రెండో 50లో 45 శాతం, అంటే 22 రూపాయల 50 పైసలు ఆ అమ్మాయికి వెళ్తాయి. మీ పాట వల్ల వచ్చే డబ్బు మొదటి 50లో ఉంటుంది. అది ఆ పాట హక్కులున్నవారికే చేరుతుంది. ఇంకో సంగతి. 2025 మార్చి 31 నుంచి షార్ట్ తెర మీద ఆడటం మొదలైతే చాలు వ్యూగా లెక్కిస్తున్నారు. డబ్బు లెక్క మాత్రం నిలబడి చూసిన వ్యూస్ మీదే. కాబట్టి షార్ట్స్ కింద కనిపించే లక్షలను పాట వీడియో లక్షలతో కలిపి చూడకూడదు.

ఇప్పటిదాకా ఛానల్‌కు వచ్చే డబ్బు గురించే మాట్లాడుకున్నాం. పాడిన అమ్మాయికి, రాసిన అబ్బాయికి ఏం వస్తుంది? అసలు కీలకం ఇక్కడే ఉంది.

పొలంలో పనికి వెళ్లేవాళ్లు రెండు రకాలు. కూలికి వెళ్లేవాళ్లు, పాలుకు, అంటే పంటలో వాటాకు చేసేవాళ్లు. కూలికి వెళ్తే పంట పండినా ఎండినా ఆ పూట డబ్బు చేతికొస్తుంది. బండ్లకొద్దీ ధాన్యం ఇంటికి చేరినా అందులో గింజ మీద హక్కుండదు. పాట వీడియోల్లో కొత్తగా వచ్చే గాయనీ గాయకులు ఎక్కువగా కూలి పద్ధతిలోనే ఒప్పుకుంటారు. ఒక గాయనికి 10 వేల రూపాయలు ఇచ్చి పాడించారనుకుందాం. పాట 5 కోట్ల వ్యూస్ దాటింది. మన రేటు ప్రకారం ఛానల్‌కు 10 లక్షలు. షూటింగ్ ఖర్చు పోగా 8 లక్షలు మిగులు. ఆ గొంతుకు దక్కింది మొత్తంలో వందకు ఒక్క రూపాయి. ఛానల్‌ది అన్యాయమని ఊరికే తేల్చేయకూడదు, ఎందుకంటే పాట పోయి ఉంటే 2 లక్షలూ మునిగేది వాళ్లకే. కానీ పాట నిలబడినప్పుడు చిన్నదో పెద్దదో ఒక పాలు ఉండాలని ముందే అడగడం గాయని హక్కు. ఆ అడగడం దురాశ కాదు.

చట్టం కూడా ఈ వైపే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. రాజ్యసభలో ఆ సవరణ కోసం గట్టిగా నిలబడినవారిలో కవి జావేద్ అఖ్తర్ ఒకరు. దాని సారం ఇది. పాట రాసినవారు, బాణీ కట్టినవారు నిర్మాతకు తమ హక్కులు రాసిచ్చినా, ఆ పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును వదులుకోలేరు. రాయల్టీ అంటే పాట వాడిన ప్రతిసారీ దాన్ని సృష్టించినవారికి చెందే సొమ్ము. థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించినదానికి ఇది వర్తించదు. మిగతా చోట్లన్నిటికీ, సినిమాతో సంబంధం లేని ప్రైవేటు పాటలకూ వర్తిస్తుంది. ఈ డబ్బు వసూలు చేసి పంచే సంస్థ పేరు ఐపీఆర్‌ఎస్. సభ్యులు కానివారికి అది పంచదు. గాయనీ గాయకుల కోసం 2013లో ఇస్రా అనే సంఘం ఏర్పడింది. మన పల్లెల్లో ఎన్నో పాటలు రాసి కూడా ఈ పేర్లు వినని కవులు ఉన్నారు. పిల్లలెవరైనా కూర్చుని సభ్యత్వ దరఖాస్తు నింపిపెడితే ఎంతో మేలు.

వీటన్నిటికీ పైన ఉండేది రికార్డింగ్ హక్కు. స్టూడియోలో పూర్తయి బయటికొచ్చిన ఆ శబ్దం ఎవరిదన్నది. చట్టం ప్రకారం అది మామూలుగా డబ్బు పెట్టి చేయించిన నిర్మాతది, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 సంవత్సరాలు. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు ఉంది. హక్కుదారు పాటను అందులో నమోదు చేస్తే, ఎవరు ఎక్కడ ఆ పాట వాడినా యంత్రమే పోల్చి పట్టుకుంటుంది. ఆ వీడియోను ఆపేయాలా, ఎవరెంత చూస్తున్నారో గమనిస్తే చాలా, లేక దాని యాడ్ డబ్బు తమకు రావాలా అన్నది హక్కుదారు ఇష్టం. 2021 జూలై నుంచి 2022 జూన్ వరకు సంగీత రంగానికి 600 కోట్ల డాలర్లు చెల్లించామని, అందులో దాదాపు 30 శాతం ఇలా జనం పెట్టిన వీడియోల నుంచే వచ్చిందని యూట్యూబ్ ప్రకటించింది. పెళ్లి బరాత్ వీడియో, బోనాల డీజే వీడియో కూడా హక్కుదారుకు ఆదాయ మార్గమే. సినిమా పాట ట్రాక్ తీసుకుని కవర్ సాంగ్ చేసినవాళ్లకు డబ్బు రాకపోవడానికీ ఇదే కారణం. షూటింగ్ ఖర్చు వీళ్లది, యాడ్ డబ్బు ఆడియో కంపెనీది.

ఇంత తక్కువ రాబడికి ఇంత ఖర్చు పెట్టి వీడియో తీయడం ఎందుకన్న సందేహం ఇప్పుడు సహజం. పాట వీడియో పుట్టిందే డబ్బు నేరుగా తేవడానికి కాదు. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ మొదలైనప్పుడు రికార్డు కంపెనీలు తమ ఖర్చుతో వీడియోలు తీసి ఛానల్‌కు ఇచ్చాయి. చూసినవాళ్లు దుకాణానికెళ్లి రికార్డు కొంటారన్నదే లెక్క. 1983 డిసెంబరులో వచ్చిన మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వీడియో దాదాపు 14 నిమిషాలు ఉంటుంది. అంత ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ వీడియో ఎలా తీశారో చూపించే మేకింగ్ చిత్రం కూడా తీసి, టీవీ ఛానళ్లకు, క్యాసెట్ల రూపంలో జనానికి అమ్మారు. వీడియో మీద వీడియోగా డబ్బు రావడం అప్పట్లో అంత అరుదు.

మన సినిమా వాళ్లు ఈ సంగతిని బాగా వంటబట్టించుకున్నారు. 'అల వైకుంఠపురములో' 2020 జనవరి 12న విడుదలైంది. సిరివెన్నెల రాయగా సిద్ శ్రీరామ్ పాడిన 'సామజవరగమన' లిరికల్ వీడియో మాత్రం 2019 సెప్టెంబరు చివర్లోనే వచ్చేసింది. లిరికల్ అంటే సాహిత్యం అక్షరాలుగా తెర మీద కదిలే వీడియో. డ్యాన్స్ చూపించకుండానే మూడున్నర నెలల పాటు ఆ పాట ఇంటింటా మోగింది. థియేటర్‌కు వెళ్లేవాళ్లు పాట నేర్చుకునే వెళ్లారు. అదే సినిమాలోని 'బుట్టబొమ్మ'కు 2020 లాక్‌డౌన్‌లో ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్ కుటుంబంతో స్టెప్పులేస్తే, దానికి నిర్మాత పైసా ఖర్చు పెట్టనక్కర్లేకపోయింది. నిర్మాతకు పాటల డబ్బు ఆడియో హక్కులు అమ్మినప్పుడే వచ్చేస్తుంది. వ్యూస్ మీద వచ్చేది ఆడియో కంపెనీకి. లిరికల్ వీడియో వల్ల నిర్మాతకు కావలసింది మొదటి రోజు థియేటర్లు నిండటం.

అన్నిసార్లూ అలా జరుగుతుందనీ కాదు. 2011 నవంబరులో స్టూడియోలో పాడుతున్న దృశ్యాలతోనే వచ్చిన 'కొలవెరి డి' దేశమంతటినీ ఊపేసింది. ఆ పాట ఉన్న '3' సినిమా 2012 మార్చిలో వచ్చి, పాటకున్న పేరుకు తగ్గట్టు ఆడలేదు. పాట జనాన్ని గుమ్మం దాకా తేగలదు, ఆపైన సినిమాదే పని.

కళాకారుల విషయంలో ఈ ప్రచారం విలువ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన రాహుల్ సిప్లిగంజ్ సినిమాల్లో పాడుతూనే 'మాకికిరికిరి', 'గల్లీ కా గణేశ్' లాంటి సొంత పాటల వీడియోలు చేసి తన యాసను, ముఖాన్ని జనానికి పరిచయం చేసుకున్నారు. 2023 మార్చి 12న ఆస్కార్ వేదిక మీద కాలభైరవతో కలిసి 'నాటు నాటు' పాడారు. బతుకమ్మ, బోనాల పాటల వీడియోలతో పేరు తెచ్చుకున్న మంగ్లి సినిమాల్లో 'రాములో రాములా', 'సారంగ దరియా' పాడారు. రేడియోలో గొంతు మాత్రమే తెలిసేది. వీడియోలో గొంతుకు ముఖం తోడైంది. ముఖం తెలిస్తేనే స్టేజీ ప్రోగ్రాములకు పిలుపులొస్తాయి.

ఆ పిలుపుల లెక్క చూడండి. పాటకు ముందు ప్రోగ్రాముకు 10 వేలు తీసుకునే గాయని, పాట హిట్టయ్యాక 25 వేలు అడగగలిగిందనుకుందాం. వినాయక చవితి నుంచి బతుకమ్మ దాకా, ఆపైన పెళ్లిళ్ల ముహూర్తాల్లో 20 ప్రోగ్రాములు చేస్తే పెరిగిన 15 వేల మీదే 3 లక్షలు. కోటి వ్యూస్ మీద ఛానల్‌కు వచ్చే 2 లక్షలకన్నా ఇది ఎక్కువ, పైగా ఇది నేరుగా ఆమె చేతికి వచ్చేది. అందుకే నా మటుకు నేను చెప్పేదేమిటంటే, పాట వీడియో నుంచి కళాకారులు ఆశించాల్సిన మొదటి ఆదాయం వ్యూస్ మీద వచ్చేది కాదు, పేరు మీద వచ్చేది. అందువల్ల వీడియోలోనూ, కింద డిస్క్రిప్షన్‌లోనూ పేరు సరిగా పడటం డబ్బుతో సమానం. గాయని పేరు ఎక్కడో పదిహేనో వరుసలో, అక్షరదోషంతో ఉంటే ఆ మేరకు ఆమెకు రావలసిన పిలుపులు తగ్గినట్టే.

వ్యూస్ కొనుక్కుంటే పేరు వస్తుంది కదా అని కొందరు ఆశపెడతారు. యాడ్ రూపంలో డబ్బు కట్టి పాటను జనం ముందుకు నెట్టడం యూట్యూబ్ అనుమతించేదే. 2019 జూలైలో ర్యాపర్ బాద్‌షా 'పాగల్' పాటకు 24 గంటల్లో ఏడున్నర కోట్ల వ్యూస్ వచ్చాయన్న ప్రకటనతో, డబ్బు కట్టిన వ్యూస్‌ను రికార్డుగా లెక్కించవచ్చా అన్న చర్చ పెరిగింది. అదే సెప్టెంబరులో యూట్యూబ్ తన సంగీత చార్టుల్లో, 24 గంటల రికార్డుల్లో అలాంటి వ్యూస్ లెక్కించబోమని తేల్చేసింది. 'ట్రెండింగ్ నంబర్ వన్' అని పోస్టర్లు వేసుకోవడానికి ఆధారమైన ట్రెండింగ్ పేజీని 2025లో తీసేసింది కూడా. ఇక తెలియని ఏజెంట్లు వెయ్యి రూపాయలకు ఇన్ని వేలంటూ అమ్మే వ్యూస్ జోలికి అసలు పోకూడదు. యంత్రాలతో పెంచిన ఆ అంకెలను యూట్యూబ్ తీసేస్తుంది, ఛానల్‌కే ముప్పు తేవచ్చు.

జానపదాల విషయంలో ఒక మాట చెప్పకుండా ఉండలేను. తరతరాలుగా నాట్లప్పుడు, కలుపులప్పుడు పాడుకున్న పాట ఎవరి సొంతమూ కాదు కాబట్టి చట్టం ప్రకారం ఎవరైనా తీసుకుని కొత్తగా చేసుకోవచ్చు. ఆ పాటను ఇన్నేళ్లు గుర్తుంచుకుని మనకు అందించిన అవ్వకు చట్టం ఏమీ ఇవ్వదు. 2021లో 'లవ్‌స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' వచ్చినప్పుడు, ఆ జానపదాన్ని ముందు వెలుగులోకి తెచ్చింది ఎవరన్నదాని మీద పెద్ద చర్చే జరిగింది. చట్టం అడగకపోయినా ఎవరి దగ్గర సేకరించామో వాళ్ల పేరు వేయడం, వచ్చిన దాంట్లో కొంత ఆ అవ్వ చేతిలో పెట్టడం మన బాధ్యతే. అవ్వ పేరు మొదటి వరుసలో వేసినంత మాత్రాన ఎవరి వ్యూస్ తగ్గవు.

కాబట్టి పాట తీయబోతున్న పిల్లలకు, వాళ్లకు డబ్బు సర్దుతున్న పెద్దలకు చెప్పేదొకటే. షూటింగ్ తేదీ ఖరారు చేసే ముందు ఒక కాగితం మీద పాట రికార్డింగ్ ఎవరిది, పాడినవాళ్లకు, రాసినవాళ్లకు ఇచ్చేది కూలా పాలా, పేర్లు ఎక్కడ పడతాయి అన్నది రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. నోటిమాట మీద హక్కులు చేతులు మారవు. రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎంతకాలానికో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లకే లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. ఛానల్ ఇచ్చిన కాగితంలో 'శాశ్వతంగా', 'ప్రపంచవ్యాప్తంగా' అన్న మాటలు ఎక్కడున్నాయో వెతికి చదవండి. అర్థం కాకపోతే తెలిసిన వకీలుకు చూపించి, ఆ తర్వాతే సంతకం చేయండి.